ఊరు పేరు గల నాణెము

విజయవాడకు తూర్పున గుణదల కొండ కలదు. కొండమీద మేరీమాత గుడి, దిగువ ఏలూరు కాలువ, దానికి చేరువనే ఏలూరు వైపు పోవు రైలుమార్గము ఉన్నవి. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో అచ్చట జరుగు తిరునాళ్ళకు మతభేదము లేక లక్షలాది జనులు వచ్చుచుందురు. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, గాజులు, జీళ్ళు, పిల్లల బొమ్మలు అమ్ము అంగళ్ళలో ఆ మూడు దినములును చిల్లర గలగలలాడుచుండును. ఒకప్పుడు అణాలును బేడలును గలగలలాడినవి. తరువాత నయాపైసలు వచ్చినవి. ఇప్పుడు రూపాయల బిళ్ళలే మిగిలినవి. చేతిలోని ఫోనుతో సొమ్ము చెల్లించువారు హెచ్చిన కొలది ఆ గలగలయు తగ్గుచున్నది.

అంగడివాని గల్లాపెట్టె అడుగున అప్పుడప్పుడు ఎవ్వరును పుచ్చుకొనని బిళ్ళ యొకటి మిగిలిపోవును. పావలాబిళ్ళను, అంతకు తక్కువ విలువ గల నాణెములను ప్రభుత్వము 2011 జూన్ 30తో చెలామణినుండి తొలగించినది. అంగడివానికి అది చెల్లని కాసు. నాణెములు సేకరించువారికి మాత్రము దాని కథ అచ్చటనే మొదలగును.

ఆ కొండ దిగువ వీథిలో ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు ఉన్నాడనుకొనుడు. వేసవి సెలవులలో ఒకనాడు వాడు అమ్మమ్మగారి పాత తమలపాకుల పెట్టె తెరచినాడు. అందులో నడుమ చిల్లి గల రాగిబిళ్ళ యొకటి, అంచు పూరేకులవలె వంపులు తిరిగిన అణా యొకటి, పెద్దపులి బొమ్మ గల రూపాయి యొకటి, తామరపువ్వు గల ఇరువది పైసల పసుపుపచ్చ బిళ్ళ యొకటి ఉన్నవి. అన్నిటి అడుగున బొటనవ్రేలి గోరంత వెడల్పున, బూడిద రంగున, చూపునకు ఏమాత్రము అందము లేని లోహపు ముక్క యొకటి ఉన్నది. చేతికి తీసికొనిన చిన్నదానికి తగని బరువు.

బాలునికి వెంటనే మూడు ఆలోచనలు కలిగినవి. చింతపండుతో తోమి వాటిని తళతళలాడించవలెననునది మొదటిది. పాత నాణెములకు లక్షలు ఇత్తురని ఎచ్చటనో చూచినాడు గనుక అమ్మివేయవలెననునది రెండవది. ఆ బూడిదముక్కను పారవేయవలెననునది మూడవది. మూడును తప్పులే. కాని వాటిలో మూడవది దిద్దుకొనుటకు వీలులేని తప్పు.

ముందుగా తేలికగా చదువదగిన నాణెములను చూతురు గాక. వంపుల అణాను తిరుగవేసినచో ఆంగ్లముతో పాటు హిందీ, ఉర్దూ, వంగ లిపులలోను, తెలుగులోను దాని విలువ వ్రాసి యుండును. 1907 మొదలుకొని బ్రిటిషు ప్రభుత్వము ముద్రించిన అణాలమీద తెలుగు వ్రాత కానవచ్చును. అనగా కలకత్తాలోను, బొంబాయిలోను, తెలుగు తెలియని వారి చేతులలో గూడ 'ఒక అణా' యను తెలుగు మాట తిరిగినది. 1950 ఆగస్టు 15న స్వతంత్ర భారతము క్రొత్త నాణెములను వెలువరించినది. రాజు తల పోయి అశోకుని సింహముల స్తంభశీర్షము వచ్చినది. హిందీ, ఆంగ్లములు మాత్రమే నిలిచినవి. నోటుమీద తెలుగు ఈనాటికిని కలదు; బిళ్ళమీదినుండి తొలగినది. ఈ సంగతి పాఠ్యపుస్తకము చెప్పకున్నను అమ్మమ్మగారి పెట్టె చెప్పును.

చిల్లికాణీలో రాజు తలయే లేదు, కిరీటము మాత్రమున్నది. అది రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1943 మొదలుకొని వచ్చినది. యుద్ధపు పనులకు రాగి కావలసివచ్చుటచే నాణెము నడుమ చిల్లి పెట్టి లోహము మిగుల్చుకొనిరి. పులిబొమ్మ గల 1947 నాటి రూపాయికి అయస్కాంతము చూపినచో అతుకుకొనును; ఏలయన అది వెండి కాదు, నికెలు. యుద్ధముతో వెండి కరవై, రూపాయి వెండిని విడిచినది. విజయవాడ కృష్ణరేవులలో దారమునకు అయస్కాంతము కట్టి నీటినుండి నాణెములు పైకి లాగు పిల్లలకు ఈ పాఠము పుస్తకము లేకయే తెలియును. ఉక్కు బిళ్ళ వచ్చును, నికెలు బిళ్ళ వచ్చును, రాగియు వెండియు రావు. సీసము అసలే రాదు.

భాషలో గూడ నాణెములు మిగిలియున్నవి. 'పదహారణాల తెలుగుతన' మనునప్పుడు రూపాయికి పదునారణాలను లెక్క 1957 ఏప్రిలు 1న పోయినదని ఎవరు తలతురు? నేడు సొమ్మునకంతటికిని వాడు 'డబ్బు' అను మాట ఒకప్పుడు ఒక రాగి నాణెము పేరు. మచిలీపట్టణపు టంకసాలలో డబ్బులు ముద్రింపబడినవి. ఈస్టిండియా కంపెనీవారు ఉత్తర సర్కారుల కొరకు 1794లోను, 1797లోను ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున ఆవిరియంత్రములపై రాగి నాణెములు కొట్టించి ఓడలలో తెప్పించిరి. రూపాయికి నలువదియెనిమిది అని వాటిమీదనే వ్రాసినారు. పొలముల యజమానులు పాతయిండ్లు పడగొట్టించునప్పుడు ఇట్టివి కృష్ణా మండలమున ఇప్పటికిని బయటపడుచుండును.

ఇక ఆ బూడిదముక్క. బాలుడు దానిని అరచేత నుంచుకొని అమ్మమ్మ యొద్దకు పోయినాడు.

"అమ్మమ్మా, ఈ సీసపుముద్ద పారవేయుదునా?"

"అది ముద్ద కాదురా నాయనా. మా నాయన దుక్కి దున్నుచుండగా దిబ్బచేనిలో దొరకినది. అప్పుడు నాలుగైదు దొరకినవి. వలకు గుండ్లు కట్టుకొందుమని పల్లెవారు అడుగగా తక్కినవి ఇచ్చివేసినాడు. దీనిమీద ఏదో గుర్తున్నదని నాకు ఆడుకొనుటకు ఇచ్చినాడు."

"ఏ ఊరు? ఏ చేను?"

అమ్మమ్మ గుడివాడ దారిలోని తన పుట్టినూరి పేరు చెప్పినది. చెరువునకు పడమట, రావిచెట్టు దాటిన పిమ్మట మూడవ చేను అని చెప్పినది. ఆ మాటలు ఎరిగినవారు లోకములో ఆమె తప్ప మరియొకరు లేరు. ఆమె వయసు ఎనుబది దాటినది.

ఇంత చిన్న సంగతికి ఇంత విలువ ఏలయని అడుగవచ్చును. గుడివాడలో పాతఊరి దిబ్బ యొకటి కలదు. అచ్చట ఆంధ్ర రాజుల, అనగా శాతవాహనుల, నాణెములు దొరకినట్లు పందొమ్మిదవ శతాబ్దమునుండియు తెలిసినదే. శాతవాహనులు సీసముతో విరివిగా నాణెములు ముద్రించిరి. సీసము మెత్తనిది, అచ్చు చక్కగా పడును గాని త్వరగా అరిగిపోవును. ఆ నాణెములలో రెండు తెరచాప కొయ్యలు గల ఓడబొమ్మ ముద్రించినవి మిక్కిలి ప్రసిద్ధములు. ఓడనాణెము తూర్పుతీరపు చేలలో దొరకినదని తెలిసినప్పుడు, ఆ రాజులకు సముద్ర వ్యాపారముతో గల సంబంధము కండ్లకు కట్టును. అదే నాణెము ఏ నగరపు అంగడిలోనో ఊరు పేరు లేక దొరకినచో, అది అందమైన సీసపు బిళ్ళ మాత్రమే.

ఉత్తర సర్కారులలో కమిషనరుగా పనిచేసిన సర్ వాల్టరు ఇల్లియట్ అను ఆంగ్లేయ అధికారి ఇట్టి నాణెములను ఎన్నో ప్రోగుచేసెను. 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించినవాడును ఆయనయే. ముసలితనమున చూపు దాదాపు పోయిన దశలో దక్షిణదేశపు నాణెములపై గ్రంథము వెలువరించెను. రాప్సన్ అను పండితుడు 1908లో ఆంధ్ర రాజుల నాణెముల పట్టిక ప్రకటించినపుడు ఇల్లియట్ సేకరణ ఆయనకు ఎంతయో ఉపకరించినది. అయితే ఆ సేకరణ లండనులోని బ్రిటిషు మ్యూజియము చేరినది. తెలుగునేల సీసమును తెలుగువాడు చూడవలెనన్న సముద్రము దాటవలసివచ్చినది. ఇల్లియట్ శ్రమకు కృతజ్ఞత చూపుట న్యాయమే; ఆ దూరమునకు నొచ్చుకొనుటయు న్యాయమే.

అమరావతిలో ఏడువేలకు పైబడిన వెండి విద్ధాంక నాణెముల నిక్షేపమొకటి దొరకినది. విద్ధాంకములనగా రాజు పేరుగాని రూపముగాని లేక, సూర్యుడు, చెట్టు, జంతువు మొదలగు గుర్తులను విడివిడిగా పొడిచి ముద్రించిన ప్రాచీన నాణెములు. దానిని పరిశీలించి పరమేశ్వరీలాల్ గుప్త 1963లో గ్రంథము వ్రాసెను. రెండేండ్లకు, 1965లో, ఆయనయే ఆంధ్రదేశమున దొరకిన రోము నాణెములపై మరియొక గ్రంథము వెలువరించెను. నల్లగొండ ప్రాంతపు అక్కెనపల్లిలో 1,531 రోము వెండి నాణెములు ఒక్కచోట బయటపడినవి. అక్కెనపల్లి సముద్రతీరమున లేదు. అంత లోపలి పల్లెకు అంత వెండి చేరినదనగా ఓడదిగిన సరకు ఏ బాటలను పట్టి పోయినదో ఆలోచింపక తప్పదు. వినుకొండలో రోము చక్రవర్తుల బంగారు నాణెములు దొరకినవి. మరల మన రాజుల నాణెములు బయటికి పోయినవియు కలవు: తూర్పు చాళుక్యులైన శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల పలుచని బంగారు నాణెములు, నడుమ వరాహముద్ర గలవి, బర్మాలోని అరకాను తీరమున దొరకినవి. నన్నయను ఆదరించిన రాజు బంగారము బంగాళాఖాతము దాటినదని ఏ కావ్యము చెప్పలేదు. దొరకిన చోటు చెప్పినది.

వీటన్నిటికంటె కోటిలింగాల కథ ముఖ్యమైనది. ఆ ఊరు ఒకప్పటి కరీంనగరు జిల్లాలో, నేటి జగిత్యాల జిల్లాలో, పెద్దవాగు గోదావరిలో కలియు చోట ఉన్నది. 1970 తరువాతి సంవత్సరములలో అచ్చటి దిబ్బలమీద చిన్న చిన్న నాణెములు దొరకుచుండగా, స్థానికులైన ఔత్సాహికులు వాటిని ఏరి పదిలపరచిరి. వారు ఆచార్యులు కారు. ఎవరును జీతమిచ్చి నియమించినవారు కారు. అట్లు ప్రోగైన నాణెములు శాసన పండితుడైన డాక్టర్ పి. వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి వచ్చినవి. ఆయన వాటిమీది బ్రాహ్మీ అక్షరములను చదివెను. గోభద, నారన, సమగోప అను, అంతవరకు చరిత్రలో వినని పేర్లు వెలువడినవి. ఛిముక శాతవాహనుని పేరును వెలువడినది. పురాణములలోను, నానాఘాట్ శిల్పమునకు చెందిన పేరులోను మాత్రమే తెలిసిన శాతవాహన వంశకర్త ఇతడేయని పలువురు పండితులు అంగీకరించిరి. పిదప డాక్టర్ వి. వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యమున పురావస్తు శాఖ అచ్చట త్రవ్వకములు జరిపినది. శాతవాహనులు మొదట ఎచ్చట తలయెత్తిరను వాదములో తెలంగాణపు గోదావరి గట్టునకు బలమైన సాక్ష్యము చేకూరినది.

ఆ నాణెములను ఏరినవారు వాటిని కంచరివానికి తూకమునకు అమ్మియున్నచో? లేదా కోటిలింగాల యని చెప్పక ఏ నగరపు వర్తకునికో ఇచ్చియున్నచో? ఛిముకుని పేరు చదువబడియుండును గాని, అది ఏ నేలలో మొలచినదో తెలియకపోయెడిది. తరువాత ఎల్లంపల్లి జలాశయపు వెనుక నీటివలన ఆ స్థలమునకు ముంపు ఏర్పడినది. దిబ్బ నీటి పాలైనను, అచ్చట ఏరిన నాణెములును, వ్రాసియుంచిన వ్రాతలును నిలిచియున్నవి.

నాణెములు సేకరించువారి లోకము విచిత్రమైనది. అందు చేరుటకు వృత్తితో పనిలేదు. 1910లో అలహాబాదున భారత నాణెశాస్త్ర సంఘము స్థాపింపబడినపుడు దానికి పూనుకొనినవారిలో పెక్కురు వేరు ఉద్యోగములు గలవారు. 1933లో దక్షిణదేశ నాణెములపై గ్రంథము ప్రకటించిన టి. దేశికాచారి వృత్తిచే న్యాయవాది. శాతవాహన నాణెములపై గ్రంథములు వ్రాసిన డాక్టర్ డి. రాజారెడ్డి మెదడునకు శస్త్రచికిత్స చేయు ప్రసిద్ధ వైద్యుడు. పగలు మనుష్యుల తలలను, తీరికవేళ రాజుల తలలను పరిశీలించినాడనుకొనిన నవ్వు రావచ్చును గాని, రెండింటికిని కావలసినది నిలుకడ గల చేయియు, తొందరపడని కన్నును.

పట్టణములలో ఈ అభిరుచి గలవారు సంఘములుగా ఏర్పడుదురు, సెలవుదినములలో కూడుదురు, ఏడాదికొకసారి ప్రదర్శనము జరుపుదురు. ఒకే రకపువి రెండున్నవాడు ఒకటి ఇచ్చి తనకు లేనిది పుచ్చుకొనును. క్రొత్తగా వచ్చిన పిల్లవానికి పెద్దవారు మొదట చెప్పు మాట, నాణెమును అంచులతో పట్టుకొమ్మని. బొమ్మమీదగాని బొరుసుమీదగాని వ్రేలు పడరాదని. రెండవ మాట, ఉన్న చిల్లరలోనే వెదకుమని. సంవత్సరపు అంకె క్రింద చిన్న నక్షత్రమున్నచో అది హైదరాబాదు టంకసాలది, వజ్రపు గుర్తు బొంబాయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తును లేనిది కలకత్తాది. ఐదు రూపాయలు వెచ్చింపకయే ఒక నెల దినములు ఈ వేట సాగింపవచ్చును. ఈ లోకమున అసూయ లేదనరాదు. తోటివాని పెట్టెలోని అపురూపమైన నాణెమును చూచి నిద్రపట్టనివారు కలరు. దొరకిన చోటు చెప్పినచో ఇతరులు పోయి ఏరుకొందురని దాచువారును కలరు. చరిత్రకు వీరు చేయు నష్టము నాణెములు కరగించువాని నష్టమునకు తక్కువ కాదు.

మోసము చేయువారును ఉన్నారు. పాత నాణెము పంపినచో లక్షలు ఇత్తుమని, అందుకు ముందు రుసుము కట్టుమని రిజర్వుబ్యాంకు పేరు చెప్పి కొందరు అమాయకులను దోచుకొనసాగిరి. అట్టి వ్యవహారములతో తనకు సంబంధము లేదని రిజర్వుబ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. నకిలీ నాణెములకును కొదవ లేదు. అచ్చులో పోతపోసినదానికి అంచున అతుకు గీత, పైన సూదిమొనయంత గాలి గుంటలు కనబడును, తూకము తప్పును. అందువలననే సేకరించువాని యింట చిన్నత్రాసు, భూతద్దము ఉండును.

చింతపండు మాట మరువరాదు. రాగిమీద శతాబ్దములుగా పేరుకొనిన పొర దానికి కవచము వంటిది. పులుపు తగిలినంతనే ఆ పొరతోపాటు సన్నని అక్షరములును పోవును. చెంబు తోమినట్లు తోమిన నాణెమును తెలిసినవారు ముట్టుకొనరు. సీసపు నాణెముతో మరియొక జాగ్రత్త కలదు: సీసము విషము గనుక ముట్టుకొనిన పిదప చేతులు కడుగుకొనవలెను.

చట్టమును ఎరిగియుండవలెను. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దాగియున్న, పదిరూపాయలకు మించిన విలువ గల నిధి ఎవరికి దొరకినను జిల్లా కలెక్టరునకు తెలుపవలెను. ప్రభుత్వము దానిని తీసికొనినచో లోహపు విలువయు, దానిపై ఐదవవంతును చెల్లించును. దాచినవాడు శిక్షకు పాత్రుడగును. లంకెబిందె దొరకినదన్న భయముతో రాత్రికి రాత్రి కంసాలి కొలిమికి పంపువారు ఈ సంగతి ఎరుగరు. ఎరిగినచో పాతదైన ఎంత వెండి బ్రదికియుండెడిదో! నూరేండ్లు దాటిన నాణెములను దేశము దాటించుటను 1972 నాటి పురావస్తువుల చట్టము నిషేధించినది.

ఇక గుణదల బాలుడు. వాడు రూళ్ళ నోటుపుస్తకమొకటి తెచ్చి మొదటి పుట తెరచినాడు. నాణెముపై పలుచని కాగితమునుంచి పెన్సిలుతో మెల్లగా రుద్దగా ఒకవైపున గుర్రమో ఏనుగో పోల్చరాని వంపొకటి తేలినది. రెండవవైపున నాలుగు వలయములు కలిసినట్లున్నది. పోల్చలేనిదానిని పోల్చలేనట్లే వ్రాసినాడు. లోహము: సీసము. బరువు: వీథి చివరి కంసాలి త్రాసులో తూచినది. దొరకిన ఊరు, చేను గుర్తులు, దున్నినవాని పేరు, చెప్పినవారి పేరు, చెప్పిన తేది. ఎప్పుడు దొరకినదన్న చోట "అమ్మమ్మకు ఏడేండ్లప్పుడు, తుపాను వచ్చిన మరుసటి ఏడు" అని వ్రాసినాడు.

"చేను చూపింతువా?" అని అడిగినాడు.

"ఆదివారము పోదము. కాని ఆ వైపంతయు చేపలచెరువులు త్రవ్వుచున్నారట. దిబ్బ ఉన్నదో లేదో చూచిగాని చెప్పలేనురా" అని ఆమె పెట్టెమూత వేసినది.